ఇసుక లెక్క

లక్షా పన్నెండు వేలు తిరిగింది, సింగిల్ హ్యాండ్,
అన్నారు దానయ్య గారు.
పోర్టులో ముప్పయ్యేళ్లు క్రేను నడిపిన మనిషి,
బరువులు ఎత్తడమే గాని మాట ఎత్తడం అలవాటు లేదు.
పెదవాల్తేరు సందులో మునగచెట్టు కింద
బోనెట్ మీద రాలిన పూత చేత్తో తుడుస్తూ
అంతకన్నా ఏమీ చెప్పలేదు.

నేనే అడిగాను. అడగాలి కదా.
మైలేజీ?
"ఊళ్లో పదకొండు. అనంతగిరి ఘాటెక్కాక అడక్కండి."
ఏసీ?
"ముందు సీట్లకి భీమిలి గాలి. వెనక సీట్లకి మే నెల."
క్లచ్చి?
"మా ఆవిడ మోకాలు. మెట్లెక్కినప్పుడే చెప్తుంది."
కిటికీలోంచి ఆవిడ దగ్గు వినిపించింది.

మా ఇంట్లో ఆరుగురం.
సింహాచలం వెళ్లాలంటే
స్కూటరు ముందు, ఆటో వెనక,
కొండ కింద ఒకరికోసం ఒకరు వెతుకులాట.
బండి ఆరు లక్షల నలభై.
సొసైటీ అప్పు కొంత,
ఇరవై రెండు వేలు వదులుకుని పాడిన చీటీ కొంత.

ఆదివారం ఆటోనగర్ తీసుకెళ్లాం.
ఎర్రునాయుడు పలకరించకుండానే బోనెట్ తెరిచాడు.
డిప్‌స్టిక్ మీది నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది
వెలుతురుకి పట్టాడు.
కేజీహెచ్ ల్యాబులో నేను రోజూ
ఊళ్లోవాళ్ల రక్తాన్ని అలాగే పట్టి చూస్తాను.
చెప్పకముందు మొహం ఎలా పెట్టాలో
నాకు తెలుసు. అతనికీ తెలుసు.

జేబులోంచి అయస్కాంతం తీశాడు.
తలుపు తలుపుకీ అంటించుకుంటూ పోయాడు.
ఎడమవైపు వెనక తలుపు దగ్గర
అది పట్టు వదిలి కింద పడింది.
"ఇక్కడ రేకు నేదమ్మా. పుట్టీ."
దానయ్య గారు తన చెప్పులు చూసుకున్నారు.
"ఎన్ఏడీ దగ్గర. లారీ. ఎవరికీ ఏమీ కాలేదు.
అడిగుంటే చెప్పేవాణ్ణి."

ఆఖరికి కాళ్లకింది మ్యాటు ఎత్తాడు.
ఇసుక.
గుప్పెడు కాదు, చేటెడు.
దాని కింద రేకు పొరలు పొరలుగా గోధుమరంగు.
స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడంలా విరిగింది.
"ఇంజనుకి నాను పూచీ. గేరుబాక్సుకీ పూచీ.
ఈ అడుక్కి మాత్రం సముద్రాన్నే అడగాల.
ఉప్పు తిన్నాది గదమ్మా,
ఇశ్వాసం దాని మీదే ఉంటాది.
యాభై తగ్గిత్తే సూడు. నేదంటే ఒగ్గేయ్."

దానయ్య గారు అప్పుడు మాట్లాడారు.
ప్రతి ఆదివారం తెల్లారకముందే
ఋషికొండో, యారాడో.
తమ్ముడి పిల్లలు, పక్కింటి పిల్లలు, వాళ్ల కుక్క.
వెనక సీట్లు మడిస్తే తొమ్మిదిమంది పట్టేవారట,
లెక్క ప్రకారం పట్టకూడదు.
"కాళ్లు కడుక్కుని ఎక్కండిరా అనేవాణ్ణి.
ఎవడు వింటాడు?"
అంటూ వంగి
ఆ ఇసుకని దోసిలితో ఎత్తారు.
ఎక్కడ పొయ్యాలో తెలియలేదు.
షెడ్డు నిండా నూనె మరకలు.
జేబురుమాలు పరిచి
అందులో పోసి ముడి వేశారు.

ఎర్రునాయుడు చెప్పింది యాభై.
ఆయన అరవై తగ్గించారు.
"ఆ పది తలుపుకి," అన్నారు.

ఇప్పుడు బండి మురళీనగర్‌లో, మా సెల్లారులో.
అడుగు వెల్డింగు చేయించి నల్లపూత కొట్టించాం.
ఏసీ వెనక్కి నిజంగానే రాదు,
అత్తగారు విసనకర్రతో కూర్చుంటుంది.
ఘాటు మీద మైలేజీ నేనూ చూడలేదు.
మొన్న కంచరపాలెం గేటు దగ్గర బ్రేకు తొక్కితే
డాష్‌బోర్డు కిందనుంచో, మరెక్కణ్ణుంచో
నా పాదం మీద నాలుగు రేణువులు రాలాయి.
మ్యాట్లు కొత్తవి. వాక్యూం రెండుసార్లు పట్టించాం.

దులపలేదు.
ఈ ఆదివారం యారాడ అంటున్నారు పిల్లలు.
కాళ్లు కడుక్కుని ఎక్కాలని
ఇప్పట్నించే చెప్తున్నాను.